అర్జెంటు అనని మనిషి

మొన్నామధ్య ఇస్త్రీ బండి దగ్గర నిలబడి ఉన్నాను. ఒకాయన స్కూటరు ఆపి, దిగకుండానే రెండు చొక్కాలు అందిస్తూ "అర్జెంటండీ" అన్నాడు. "ఎప్పటికి కావాలండి?" అని అడిగాడు ఇస్త్రీ చేసే అతను. "శనివారానికి" అన్నాడాయన. ఆ రోజు మంగళవారం. నాకు ఒళ్ళు మండిపోయింది. నాకు సంబంధం లేని బేరంలో తల దూర్చి, "శనివారం దాకా ఆగగలిగింది అర్జెంటు ఎలా అవుతుందండీ?" అని అడిగేశాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, పెద్దవాణ్ణని వదిలేసి వెళ్ళిపోయాడు.

నాకు మతి చలించలేదు. చాదస్తమూ కాదు. ఆ ఒక్క మాటను ఉద్యోగమంతా చెవిలో పెట్టుకుని బతికాను. రోజుకు వంద సార్లు విన్నాను, రాశాను, అమ్మాను కూడా. అమ్మడమంటే నిజంగా అమ్మడమే. మీరు కుర్రవాళ్ళు, సెల్‌ఫోను జేబులో పెట్టుకుని పుట్టినవాళ్ళు, కాబట్టి కొంచెం వివరంగా చెప్పాలి.

నేను టెలిఫోన్ ఆపరేటర్ని. డెబ్బైల చివర్లో కోనసీమలో ఒక ఎక్స్ఛేంజిలో పనిచేశాను. ఊరి పేరు చెప్పను. చెబితే అక్కడి వాళ్ళు ఒక్కొక్కరినీ వేలు పెట్టి చూపించగలరు. నాకు కావలసింది అది కాదు. అప్పట్లో పక్క ఊరికి మాట్లాడాలన్నా ట్రంకు కాల్ బుక్ చేసి కూర్చోవాలి. మీరు నెంబరు చెబితే మేం ఒక చిన్న కాగితం మీద రాస్తాం. దాన్ని టికెట్టు అనేవాళ్ళం. ఆ టికెట్లు వరసగా పేర్చి, లైను ఖాళీ అయినప్పుడల్లా ఒక్కొక్కటి కలిపేవాళ్ళం. మామూలుగా బుక్ చేస్తే ఆర్డినరీ. రెట్టింపు చార్జీ ఇస్తే అర్జెంటు. అర్జెంటు టికెట్టు ఎంత ఆలస్యంగా వచ్చినా ఆర్డినరీ టికెట్లన్నిటినీ దాటి ముందుకొచ్చి కూర్చుంటుంది. నిఘంటువులో ఆ మాటకు అత్యవసరం అని అర్థం ఉంటుంది. మేం కాల్స్ కలిపే బోర్డు మీద మాత్రం దాని అర్థం ముందు వరసలో కుర్చీ.

ఇక ఆ కుర్చీలో ఎవరెవరు కూర్చున్నారో వినండి. పెద్దాపురం నుంచి కొత్త నాటక సమాజం వస్తుందో రాదో తెలుసుకోవాలని ఒక రైతుగారికి అర్జెంటు. కాకినాడలో సినిమా మొదటి ఆటకు సీటు ఆపించాలని ఒక డాక్టరుగారి బావమరిదికి అర్జెంటు. అత్తవారింట్లో మరిచిపోయిన కళ్ళజోడు కోసం ఒక ప్లీడరుగారికి అర్జెంటు. దొరికిందట, దొరికిన సంగతి చెప్పడానికి వాళ్ళు మళ్ళీ అర్జెంటు చేశారు. మా శాఖ వాళ్ళేం తక్కువ తినలేదు. పై ఆఫీసు నుంచి వచ్చే కాగితాల మీద ఎర్ర చీటీ అంటించి ఉండేది. సున్నం వేయించడానికి ఎస్టిమేట్లు పంపమన్న కాగితానికీ ఎర్ర చీటీయే. ఆ చీటీ ఉన్నవి ఎక్కువైపోయి, మా సూపర్‌వైజరు చీటీ లేని కాగితాలకే ముందు జవాబు రాసేవాడు. అవి తక్కువ కాబట్టి త్వరగా తెమిలేవి.

అందరికన్నా ఎక్కువ వాడింది కొబ్బరి వ్యాపారులు. ఊళ్ళో ఏడుగురు ఉండేవారు. ప్రతి ఉదయం రాజమండ్రి, కాకినాడ, మద్రాసు, బొంబాయి ధరలు తెలిస్తే గాని వాళ్ళ కాటా కదలదు. అది వాళ్ళ బతుకు, కాదనను. కానీ పద్ధతి ఎలా తయారైందంటే, వాళ్ళు ఫోను చేసి బుక్ చేయడం మానేశారు. ఎలాగూ రోజూ ఉండేవే కదా అని మేమే ఉదయం డ్యూటీలోకి రాగానే, టీ తాగుతూ తాగుతూ, వాళ్ళ టికెట్లు రాసి పెట్టేసేవాళ్ళం. బుక్ చేసిన సమయం ఎనిమిది గంటలు. రకం, అర్జెంటు. అడగకముందే, ఫోను మోగకముందే. ఎనిమిదింటికి తలుపులు తెరిచేసరికి ముందు వరస మొత్తం నిండిపోయి ఉండేది.

దీనికి మాకు లంచం ఇచ్చారని అనుకోకండి. అంత నీచంగా ఎవరూ ప్రవర్తించలేదు. పండగ పండగకీ ఇంటికి ఒక గెల బొండాలు, వంద కాయలు వచ్చేవి. ఆ రోజుల్లో మా ఇంట్లో కొబ్బరి పచ్చడి లేకుండా భోజనం అయిన రోజు నాకు గుర్తులేదు. మా ఆవిడ ఇడ్లీలోకీ అదే, అన్నంలోకీ అదే, అడిగితే "వచ్చినవి పారబొయ్యమంటారా?" అనేది. అంతే సంగతి. అందులో తప్పేమిటని అప్పుడు మీరు నన్ను అడిగి ఉంటే, మిమ్మల్ని చూసి నవ్వేవాణ్ణి.

ఇంకొకటి కూడా చెప్పాలి, దాచకూడదు. ట్రైనింగులో మాకు ఒక మాస్టారు ఉండేవారు. ఆయన మొదటి వారంలోనే ఒక రూలు చెప్పారు. ప్రాణాపాయం ఉన్న కాల్ వస్తే, అది ఏ రకమైనా సరే, అడిగినా అడగకపోయినా, అర్జెంటునీ, దానికన్నా ఖరీదైన లైట్నింగు కాల్‌నీ కూడా పక్కకు నెట్టి ముందు కలపాలి. అదనపు చార్జీ లేదు. అగ్ని ప్రమాదం, పడవ ప్రమాదం, పురుడు అని ఆయన బల్ల మీద వేలితో కొడుతూ ఒక్కొక్కటీ చెప్పారు. నేను నోటు పుస్తకంలో రాసుకుని కింద ఎర్ర సిరాతో గీత కూడా గీశాను. గీత గీసుకున్న రూళ్ళు అన్నిటికన్నా ముందు మరిచిపోతామని నాకు తర్వాత తెలిసింది.

ఆ రోజు శ్రావణమాసంలో ఒక ఉదయం. మూడు రోజులుగా ముసురు. ఎక్కడో కొబ్బరి మట్ట తీగల మీద పడి, మాకున్న రెండు ట్రంకు లైన్లలో ఒకటి పోయింది. కాకినాడ కావాలన్నా, రాజమండ్రి కావాలన్నా, వాటి మీదుగా ఇంకెక్కడికి వెళ్ళాలన్నా మిగిలిన ఆ ఒక్క లైనే గతి. శ్రావణమాసం కాబట్టి కాయకు గిరాకీ. నేను వచ్చీ రాగానే పదకొండు టికెట్లు రాసి పెట్టాను. పదకొండూ అర్జెంటే.

ఎనిమిదింపావుకు ఒకాయన కిటికీ దగ్గరకు వచ్చాడు. యాభై ఏళ్ళు దాటి ఉంటాయి. మోకాళ్ళ దాకా తడిసిన పంచె, తల మీద తువ్వాలు. కిటికీ దగ్గరకు రాగానే ఆ తువ్వాలు తీసి చేతిలో పెట్టుకున్నాడు. అంతర్వేది వైపు నుంచి మొదటి బస్సుకు వచ్చాడట. వాళ్ళ దగ్గర పోస్టాఫీసులో ఫోను వానకు చచ్చిపోయింది.

"బాబూ, కాకినాడ రేవు ఆఫీసుకి ఓ ఫోను కలపాలండి" అన్నాడు. "మా తమ్ముడూ, ఇంకో ఇద్దరూ మొన్న సముద్రంలోకి వేటకెళ్ళేరండి. తిరిగి రాలేదండి. నిన్న సాయంత్రం ఓడలరేవు ఊరి పడవోళ్ళు చూసేరంట. తెరచాప కర్ర ఇరిగిపోయి కొట్టుకుపోతన్నారంటండి. అలలు పెద్దగా ఉండి దగ్గరికెళ్ళలేకపోయేరంట. రేవులో లాంచీ ఉందంట కదండి, చెప్తే పంపుతారని మా పెద్దోళ్ళు చెప్పేరండి. కాస్త చూడండి బాబూ."

ఒక్క మాట పొల్లుపోకుండా ఇదే చెప్పాడు. నాకు వినపడలేదని అనడానికి వీల్లేదు. వినడమే నా ఉద్యోగం. కానీ ఆ పని చేసేవాడి చెవి ఎలా తయారవుతుందంటే, వచ్చే మాటల్లో ఊరు, నెంబరు, పేరు, రకం, ఈ నాలుగే పట్టుకుని మిగతాది జారవిడిచేస్తుంది. ఊరు కాకినాడ. నెంబరు ఆయనకు తెలియదు, నేనే పుస్తకంలో వెతికాను. అప్పుడే ఎంతో సాయం చేసినట్టు కూడా అనిపించింది. పేరు అడిగాను, చెప్పాడు. ఇక మిగిలింది రకం.

"ఆర్డినరీయేనా?" అన్నాను, కలం కాగితం మీద ఆనించి.

"ఆయ్" అన్నాడు.

మా వైపు మర్యాద అది. కిటికీ లోపలి మనిషి ఏమడిగినా ముందు అవునన్నట్టు ఆయ్ అంటారు. ఎదుటివాణ్ణి కాచుకునేలా చేయకూడదని, ఎదురు చెప్పినట్టు ఉండకూడదని. ఆ మనిషికి ఆర్డినరీ అంటే ఏమిటో తెలియదని నాకు తెలుసు. నేనూ అక్కడ పుట్టి పెరిగినవాణ్ణే, మా నాన్నగారు కూడా తాలూకా ఆఫీసులో అలాగే ఆయ్ అంటూ నిలబడటం చూసినవాణ్ణే. అయినా ఆర్డినరీ అని రాసి, పదకొండు టికెట్ల కింద పన్నెండోదిగా పెట్టి, "కూర్చో, పిలుస్తాను" అన్నాను. నాకప్పుడు ఇరవై ఎనిమిదేళ్ళు. ఆయన మా నాన్న వయసువాడు. వ్యాపారుల గుమస్తా వస్తే "రండి, కూర్చోండి" అనే నోటితోనే ఆయన్ని "కూర్చో" అన్నాను. ఇది తలుచుకుంటే నన్ను నేను లాగి కొట్టుకోవాలనిపిస్తుంది, ఇప్పటికీ.

గోడవార బెంచీ మీద కూర్చున్నాడు. బోర్డు మీద గంట మోగినప్పుడల్లా లేచి నిలబడేవాడు. తనది కాదని తెలిశాక కూర్చునేవాడు. నేను వరసగా కలుపుతున్నాను. ఒక్కొక్కటి ఇరవై నిమిషాలు, ఇరవై అయిదు నిమిషాలు పట్టింది. లైను బాగాలేదు, అరుచుకోవాలి. నాలుగో టికెట్టు ఒక పెద్ద వ్యాపారిది. ధర రెండు ముక్కల్లో తెలిసిపోయింది. మూడు నిమిషాలు అయ్యాయని చెబితే, ఇంకో మూడు ఇమ్మన్నాడు. ఆ మూడు నిమిషాలూ కాకినాడలో కొన్న సీలింగు ఫ్యాను గురించి. "ఆకుపచ్చది వద్దని చెప్పేను కదా, మా వాళ్ళకి తెల్లదే కావాలంట, రేపటి లారీలో మార్చి పంపించు." నేను హెడ్‌సెట్లో విన్నాను. అప్పుడు ఏ కోపమూ రాలేదు. పక్కనే బెంచీ మీద ఒక మనిషి తువ్వాలు రెండు చేతులతో పిండుతూ కూర్చున్నాడు.

పదింటికి కిటికీ దగ్గరకు వచ్చాడు. "బాబూ, మనది అయ్యిందాండి?"

"వరసలో ఉంది."

"ఆయ్. అలాగేనండి" అని వెళ్ళి కూర్చున్నాడు. పదకొండున్నరకు మళ్ళీ వచ్చాడు. ఈసారి ఏమీ అడగలేదు. నిలబడి నా మొహం చూసి, నేను ఎవరితోనో లైన్లో అరుస్తున్నానని గ్రహించి, తనంతట తనే వెనక్కి వెళ్ళాడు. గట్టిగా ఒక్క కేక వేసి ఉంటే బాగుండేది. కిటికీ బద్దలు కొట్టి ఉన్నా బాగుండేది.

పన్నెండింటికి డ్యూటీ మారుతుంది. నా తర్వాత వచ్చే ఆమెను ఎక్స్ఛేంజిలో అందరం అక్కయ్యగారు అనేవాళ్ళం. మా అందరికన్నా సీనియరు. ఎవరికీ భయపడని మనిషి. గొడుగు మూల పెట్టి, బోర్డు దగ్గరకు వస్తూ బెంచీ వైపు చూసింది.

"ఆ పెద్దాయన ఎందుకొచ్చేరండీ? మొహం అలా ఉందేంటి?" అని అడిగింది.

చెప్పాను. తమ్ముడి పడవ కొట్టుకుపోతోందట, రేవు ఆఫీసుకు కాల్ అని, మామూలుగా చెప్పాను. ఆవిడ నా చేతిలోంచి హెడ్‌సెట్ లాగేసుకుంది. ఆ పన్నెండో టికెట్టు వెతికి పైకి తీసింది. దాని మీద టైము చూసింది. నేను ఆ చూపు జన్మలో మరిచిపోను.

"ఎనిమిదింపావు. నాలుగు గంటలు కూర్చోబెట్టేరా? ప్రాణం మీదకొచ్చిన కాల్ ముందు కలపమని మనకి చెప్పలేదాండీ?"

"ఆయన అర్జెంటు అడగలేదండీ" అన్నాను.

"మునిగిపోయేవాడు కూడా అర్జెంటు అని అరవాలాండీ?" అంది. అంటూనే ప్లగ్గు గుచ్చింది. మాట్లాడుకుంటున్న ఒక వ్యాపారిని మధ్యలో తెంపేసి కాకినాడ లైను తీసుకుంది. అవతల ఆపరేటరుకు "పడవ ప్రమాదం, వెంటనే ఇవ్వండి" అని ఒక్క ముక్క చెప్పింది. అయిదు నిమిషాలు పట్టలేదు. నాలుగు గంటల పని అయిదు నిమిషాల్లో అయిపోయింది.

ఆయన్ని పిలిచి ఫోను చేతికిచ్చాం. ఎలా పట్టుకోవాలో ఆవిడే చూపించింది. అవతల గుమస్తా గొంతు మాకు కూడా వినిపిస్తోంది. "లాంచీ పదిన్నరకే బయల్దేరి ఉత్తరం వైపు వెళ్ళిపోయిందండీ. సాయంత్రానికి గాని రాదు. పొద్దున్న తొమ్మిదింటికి చెప్పినా అటే పంపేవాళ్ళం కదండీ. రేపు తెల్లారగానే పంపిస్తాం."

"ఆయ్... ఆయ్... అలాగేనండి" అన్నాడు ఈయన. ఫోను పెట్టేసి, తువ్వాలు భుజాన వేసుకుని, మా ఇద్దరికీ దండం పెట్టాడు. "మీ దయండి" అన్నాడు. నాకు కూడా.

మర్నాటి మర్నాడు నేనే డ్యూటీలో ఉన్నాను. పత్రికకు వార్తలు రాసే ఒకాయన హడావిడిగా వచ్చి, విజయవాడకు అర్జెంటు అన్నాడు. కలిపాను. ఆయన వార్త చదువుతుంటే నా హెడ్‌సెట్లో వినపడింది. రేవు లాంచీ వెళ్ళేసరికి పడవ బోర్లా పడి ఉంది. ఇద్దరు, ఆ పెద్దాయన తమ్ముడూ ఇంకొకడూ, దాన్ని పట్టుకుని బతికారు. మూడోవాడు, పాతికేళ్ళ కుర్రవాడు, పెద్దాయన ఫోను కోసం వచ్చిన రోజే, చీకటి పడే ముందు పట్టు జారిపోయాడు. మధ్యాహ్నం దాకా బాగానే ఉన్నాడని, మాట్లాడుతూనే ఉన్నాడని బతికిన వాళ్ళు చెప్పారు. పదిన్నరకు బయల్దేరిన లాంచీ అటు వెళ్ళి ఉంటే మధ్యాహ్నానికల్లా అక్కడికి చేరేది. లెక్క వేయడానికి పెద్ద చదువేమీ అక్కర్లేదు. శవం దొరకలేదు. వార్త చదవడం అయిపోయాక ఆ పత్రికాయన నాతో "థాంక్సండీ, భలే తొందరగా కలిపేరు" అన్నాడు. చావు కబురు చెప్పే ఫోనుకు అర్జెంటు దొరికింది. చావు ఆపమని అడిగిన ఫోనుకు దొరకలేదు.

ఆ తర్వాత పది రోజులు నేను ఉదయం టికెట్లు ముందుగా రాయడం మానేశాను. ఎవరైనా సరే, ఫోను చేసి అడిగితేనే రాస్తాననుకున్నాను. అక్కయ్యగారైతే ఆ పడవ కాల్ కలిపిన రోజు నుంచే, తన ఉదయం డ్యూటీల్లో రాయడం మానేసింది. వ్యాపారులు సూపర్‌వైజరు దగ్గరకు వెళ్ళారు. ఆయన నన్ను పిలిచి, "ఏమయ్యా, లోకాన్ని బాగు చేద్దామనా? వాళ్ళు కట్టే అర్జెంటు చార్జీలతోనే మన ఆఫీసు నడుస్తోంది. పాత పద్ధతి ఎందుకు పాడు చేస్తావు?" అన్నాడు. అక్కయ్యగారిని కూడా పిలిచి అడిగాడు. ఆవిడ "నా చేత రాయించాలంటే కాగితం మీద ఆర్డరివ్వండి" అంది. ఆయన ఇవ్వలేదు. నేను మాత్రం పదకొండో రోజు నుంచి మళ్ళీ రాశాను. దసరాకు మళ్ళీ కాయలు వచ్చాయి. తిన్నాం.

అయితే ఊళ్ళో ఒక బడిపంతులు ఊరుకోలేదు. చనిపోయిన కుర్రవాడి కుటుంబం తరఫున ఇంగ్లీషులో ఒక అర్జీ రాసి మా పై ఆఫీసుకు పంపాడు. అర్జీ ఎలా రాశాడో నేను తర్వాత చూశాను. ఎక్కడా ఎవరినీ తిట్టలేదు. ఒక్క ప్రశ్న అడిగాడు: ఎనిమిదింపావుకు చెప్పిన మాట కాకినాడకు పన్నెండు దాటాక ఎందుకు చేరింది? విచారణకు ఒక అధికారి వచ్చాడు. రెండు నెలల తర్వాత వచ్చాడు. ఆయన చేతిలో ఉన్న కాగితానికి ఎర్ర చీటీ అంటించి ఉంది.

విచారణ ముందు రోజు సూపర్‌వైజరు నన్ను పక్కకు పిలిచి, "అడిగినదానికే జవాబు చెప్పు. అడగనిది చెప్పకు. నీకూ పిల్లలున్నారు" అన్నాడు. అక్కయ్యగారు తనను కూడా విచారణకు పిలవమని ఆయనతో అంటే, "బుక్ చేసినప్పుడు మీరు డ్యూటీలో లేరు కదండీ" అన్నాడు. ఆవిడ నా వైపు తిరిగింది. "నన్ను పిలవరటండీ. మీరే చెప్పాలి. ఆ పెద్దాయనేం చెప్పేరో మీరు విన్నారు కదా, అది చెప్పండి చాలు." అంతే అంది.

మా రికార్డుల గదిలో బల్ల వేశారు. అధికారి, సూపర్‌వైజరు, నేను. ఆ పెద్దాయన్ని కూడా పిలిపించారు. ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. కుర్చీ ఉన్నా కూర్చోలేదు, కూర్చోమని ఎవరూ అనలేదు కూడా. అధికారి నా టికెట్టు ముందు పెట్టుకున్నాడు. నా చేతి రాత. ఆర్డినరీ. ఎనిమిదింపావు.

"పార్టీ అర్జెంటు అడిగాడా?" అని నన్ను అడిగాడు.

ఇదిగో, ఇక్కడే చెప్పి ఉండాల్సింది నేను. అడగలేదు గాని, తమ్ముడు సముద్రంలో ఉన్నాడని చెప్పాడు, నేను విన్నాను, మా రూలు ప్రకారం ముందు కలపాల్సింది, పదకొండు టికెట్లు ఎవరూ అడక్కుండానే నేనే రాశాను. నాలుగు వాక్యాలు. నోట్లోనే ఉన్నాయి. ముందు రోజంతా అనుకుంటూనే ఉన్నాను.

"లేదండి" అన్నాను.

ఆయన రాసుకున్నాడు. పెద్దాయన వైపు తిరిగి, "ఏం, నువ్వు అర్జెంటు అని అడిగావా?" అన్నాడు.

"అదేంటో నాకు తెలీదండి. తమ్ముడు నీళ్ళలో ఉన్నాడని చెప్పేనండి."

"అది సరే. అర్జెంటు అన్నావా, లేదా?"

పెద్దాయన తల తిప్పాడు. నా వైపు చూశాడు. నేను బల్ల వైపు చూస్తున్నాను.

"అనలేదండి. ఆ బాబు చెప్పింది నిజమేనండి. ఆయన అబద్ధం చెప్పలేదండి."

అధికారి రెండు వాక్యాలు రాసి, పైకి చదివాడు. పార్టీ అర్జెంటు కోరలేదు. సిబ్బంది వైపు లోపం లేదు. సూపర్‌వైజరు ఊపిరి వదిలాడు. టీలు తెప్పించాడు. అధికారికీ, తనకూ, నాకూ.

మీరు అడుగుతారు, అప్పుడైనా నోరు విప్పి ఉండొచ్చు కదా అని. ఉండొచ్చు. అధికారి మీద కోపం వచ్చింది నాకు, ఆ మనిషి చెప్పిన మాట వదిలేసి చెప్పని మాట కోసం వెతికినందుకు. సూపర్‌వైజరు మీద వచ్చింది. ఫ్యాను రంగు మార్చుకున్న వ్యాపారి మీద వచ్చింది. ఆ కోపం ఇప్పటికీ తగ్గలేదు, తగ్గకూడదు కూడా. కానీ వాళ్ళెవరూ ఆ రోజు కిటికీ దగ్గర లేరు. వాళ్ళెవరికీ ఆ మనిషి తన తమ్ముడి సంగతి చెప్పలేదు. నాకు చెప్పాడు. ముఖాముఖి, చేతికందే దూరంలో నిలబడి, శుభ్రమైన తెలుగులో చెప్పాడు. అర్థం కాకపోవడానికి అందులో ఒక్క ఇంగ్లీషు ముక్క కూడా లేదు.

కాగితం నా ముందుకు జరిపారు. నేను కలం తీస్తుంటే, పెద్దాయన కిటికీ దగ్గర నిలబడినట్టే నిలబడి, మెల్లగా అడిగాడు.

"బాబూ, దీని మూలంగా మీ ఉద్యోగానికేం కాదు కదండీ?"

సూపర్‌వైజరే, "ఏం కాదులే, నువ్వెళ్ళు" అన్నాడు. ఆయన దండం పెట్టి వెళ్ళిపోయాడు. సిబ్బంది వైపు లోపం లేదు అన్న వాక్యం కింద నేను సంతకం పెట్టాను.